తీపిని కొలవడం

నిజామాబాద్ జిల్లా బోధన్ చుట్టుపక్కల పల్లెలకు తీపిని కొలవడం కొత్త కాదు. చెరకు కోతకు వచ్చిందో లేదో ఆకు రంగు చూసి, గడను వేలితో మీటి చెప్పగలిగే రైతులు మా దగ్గర చాలామంది ఉండేవారు. అయినా కోతకు ముందు ఫ్యాక్టరీ మనిషి తోటకు వచ్చేవాడు. గడకు మొదలు దగ్గర ఒక గాటు, కొస దగ్గర ఒక గాటు పెట్టి, రసం చుక్క తీసి బ్రిక్స్ మీటరు అద్దం మీద వేసి, వెలుతురు వైపు ఎత్తి ఒంటికన్నుతో చూసేవాడు. అంకె 18 దాటితే కోతకు సిద్ధమైనట్టే. దాటకపోతే ఇంకొన్నాళ్ళు ఆగమనేవాడు, తడి ఆపమనేవాడు. ఆ అంకెను చూసి చెరకును తిట్టినవాళ్ళు లేరు. రైతు సిగ్గుతో తల దించుకున్నదీ లేదు. అంకెను బట్టి పని మార్చుకునేవారు, అంతే.

ఆ నిదానం మన ఒంట్లోని తీపిని కొలుచుకునేటప్పుడు ఎందుకు ఉండడం లేదన్నదే నా బాధ.

ఈ నేలకు చెరకు వచ్చిన కథ ఇక్కడి పెద్దవాళ్ళకు తెలిసిందే. మంజీర మీద 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు కాలువల్లో పారాక ఇక్కడి రేగళ్ళలో చెరకు నిలదొక్కుకుంది. ఆ ప్రాజెక్టును కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళను, ఆ చెరకును నమ్ముకొని 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. దాని పక్కనే కార్మికులతో, క్వార్టర్లతో శక్కర్‌నగర్ అనే ఊరే పుట్టింది. క్రషింగ్ సీజన్ వచ్చిందంటే మొలాసిస్ వాసన గాలితో పాటు ఊరంతా తిరిగేది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్ళింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తోటలు చాలావరకు వరిమళ్ళయ్యాయి. ఇప్పుడు వర్ని, కోటగిరి, రుద్రూరు దారుల్లో ఎటు చూసినా వరే. చెరకు మా పొలాల్లోంచి పోయింది గానీ షుగర్ మా ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది.

ఇది మా ఒక్క జిల్లా గోడు కాదు. ఐసీఎంఆర్ దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. భారతదేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దాకా వచ్చి ఉన్నారని ఆ సర్వే లెక్కగట్టింది. షుగర్ ఉన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నిజామాబాద్‌లో ఇప్పుడు మా బంధువుల ఏ ఇంటికి వెళ్ళినా టీవీ పక్కనో, దేవుడి అల్మారా మీదో ఒక షుగర్ మీటరు కనిపిస్తుంది. పొద్దున్నే వేలు గుచ్చుతారు, మీటరు ఐదారు సెకన్లలో అంకె చూపిస్తుంది. అది పెద్దదైతే ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటే: “రాత్రి ఏం తిన్నవ్?”

అడిగేవాళ్ళది ప్రేమే. వినేవాళ్ళకు మాత్రం అది పోలీసు ప్రశ్నలా తగులుతుంది. రెండుసార్లు విన్నాక మూడోసారి అంకెను తగ్గించి చెప్పడం, నాలుగోసారి అసలు చూసుకోకపోవడం మొదలవుతుంది. షుగర్ జబ్బులో జరిగే నష్టం చాలావరకు ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. తీపి తినడం కన్నా, అంకెను దాచడం ఎక్కువ చెరుపు చేస్తుంది.

మా బాపుకు షుగర్ వచ్చిన రోజుల్లో మీటర్లు లేవు. ఇంట్లో చిన్న స్పిరిట్ దీపం, గాజు పరీక్ష నాళం, బెనెడిక్ట్ ద్రావణం సీసా ఉండేవి. నాళంలో ఆ నీలం మందు 5 మిల్లీలీటర్లు పోసి, 8 చుక్కల మూత్రం కలిపి, చెక్క పట్టకారుతో పట్టుకొని దీపం మీద మరిగించేవాడు. మందు పొంగి చేతి మీద పడకుండా నాళం నోటిని గోడ వైపు తిప్పి పట్టుకునేవాడు. నీలం నీలంగానే ఉంటే ఆ పూట ఇల్లంతా తేలిగ్గా ఉండేది. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉన్నట్టు, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వస్తే బాగా ఎక్కువ ఉన్నట్టు. ఆ రంగు మమ్మల్ని పిలిచి మరీ చూపించేవాడు. ఇటుక రంగు వచ్చిన రోజున కూడా దాచేవాడు కాదు. ఒక పాత డైరీలో తేదీ వేసి, రంగు పేరు రాసి, పక్కన ఆ రోజు పొలం పని ఉందో లేదో కూడా రాసేవాడు.

ఆ పరీక్షకు ఉన్న లోటు నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే తప్ప మూత్రంలోకి దిగదు. నీలం రంగు చూసి మేం సంబరపడ్డ రోజుల్లో బాపు రక్తంలో 170 ఉండి ఉండవచ్చు. పైగా అది అప్పటి సంగతి కాదు, కొన్ని గంటల కిందటి సంగతి. అంత మసక పరీక్షతోనే ఆయన అంత శ్రద్ధగా బతికాడు. ఇవాళ ఒక్క చుక్క రక్తంతో ఈ క్షణపు అంకె మన చేతిలో పడుతోంటే, దాన్ని చూడటానికే భయపడుతున్నాం.

మా వీధిలో బీడీలు చుట్టే ఒక చెల్లె ఉంది. చాట ఒళ్ళో పెట్టుకొని పొద్దున కూర్చుంటే మళ్ళీ లేచేది అన్నానికే. షుగర్ వచ్చి కొన్నేళ్ళయింది. ఓసారి డాక్టరు దగ్గరకు వెళ్ళబోతూ, “రెండు రోజుల సంది అన్నం ముట్టలే అన్నా. గట్క తాగుతున్న. రేపు మంచిగ రావాలె కదా, లేకుంటే డాక్టరు తిడ్తడు” అంది. పరగడుపు అంకె మంచిగానే వచ్చింది, 121. ఆ కాగితంలోనే కింద ఇంకో అంకె ఉంది: ఏ1సీ 9. “గిదేంది అన్నా? పొద్దుగాల మంచిగనే ఉంది కదా, మళ్ల గిది గింత ఎక్కువ ఎందుకున్నది?” అని కాగితం పట్టుకొని అడిగింది.

ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. మన రక్తంలోని ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ అది ఈదేది చక్కెర ఉన్న రక్తంలోనే. ఎంత చక్కెర ఉంటే అంత, ఆ కణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఒకసారి అంటితే కణం చచ్చేదాకా వదలదు. ఏ1సీ కొలిచేది దాన్నే. 9 అంటే గత రెండు మూడు నెలల సగటు దాదాపు 212. 7 అంటే 154. రెండు రోజులు అన్నం మానడం పరగడుపు అంకెను దించగలదు, మూడు నెలల లెక్కను చెరపలేదు. ఈ అంకెకూ ఒక పరిమితి ఉంది. రక్తహీనత ఉన్నవాళ్ళలో ఇది ఉన్నదానికన్నా ఎక్కువో తక్కువో చూపించవచ్చు. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువున్నవాళ్ళు ఎందరో ఉన్నారు గనుక, ఏ1సీతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకొని, రెండూ కలిపి చదవమని డాక్టరును అడగడం మంచిది.

ఆ చెల్లె చేసింది మోసం అనను. పరీక్ష అనగానే పాసు, ఫెయిలు గుర్తొచ్చేలా మనల్ని పెంచారు. డాక్టరు ముందు ఫెయిల్ కాకూడదని ఆమె ఆకలికి ఓర్చుకుంది. దాని ఫలితం ఏమిటి? ఏ1సీ గనక లేకపోతే, డాక్టరు 121 చూసి పాత మందులే రాసేవాడు. ఆమె కంటి వెనక, మూత్రపిండంలో, పాదాల నరాల్లో చక్కెర తన పని తాను చేసుకుపోయేది.

అంకె ఎందుకు పెరుగుతుందో తెలిస్తే ఈ భయం చాలామటుకు పోతుంది. తిండి ఒక్కటే కారణం కాదు. జ్వరం, పంటి చీము, కాలి పుండు చక్కెరను పెంచుతాయి. ఆయాసానికీ కీళ్ళనొప్పులకూ ఇచ్చే స్టెరాయిడ్ గోళీలు పెంచుతాయి. నిద్ర లేని రాత్రి, గల్ఫ్‌లో ఉన్న కొడుకు నుంచి ఫోను రాని వారం కూడా పెంచుతాయి. రాత్రి ఏమీ తినకపోయినా తెల్లవారుజామున ఒంట్లో లేచే హార్మోన్ల వల్ల కాలేయం చక్కెర వదులుతుంది, అందుకే కొందరికి పడుకునేముందు కన్నా లేచాక అంకె ఎక్కువ ఉంటుంది. పైగా మీటరు కూడా తులం త్రాసు కాదు. మంచి మీటరుకు సైతం 15 శాతం అటూ ఇటూ తేడాను ప్రమాణాలు ఒప్పుకుంటాయి. నిన్న 148, ఇవాళ 160 వస్తే గుండెలు బాదుకోవలసింది ఏమీ లేదు. బెల్లం ముట్టిన చేతితో, అరటిపండు ఒలిచిన చేతితో వేలు గుచ్చితే వేలి మీది తీపి కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, బాగా తుడిచి, వేలి మధ్యలో కాకుండా పక్కన గుచ్చాలి. పక్కన నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, గాలిలో తేమ తగిలితే స్ట్రిప్పు చెడుతుంది.

ఇక తిండి సంగతి. ఏ కంచం అంకెను ఎంత పెంచుతుందో మీటరే చెబుతుంది. అయితే స్ట్రిప్పులు ఊరికే రావు, రోజూ నాలుగుసార్లు గుచ్చుకోవడం అందరి వల్లా కాదు, అందరికీ అవసరమూ లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు ఎక్కువసార్లు కావాలి. గోళీలతో నడిచేవాళ్ళకు ఎన్నిసార్లన్నది డాక్టరు చెప్పాలి. ఉన్న కొద్ది స్ట్రిప్పులనూ జంటగా వాడుకుంటే చాలా తెలుస్తుంది. తినేముందు ఒకటి, మొదటి ముద్ద నుంచి 2 గంటలకు ఒకటి. ఆ రెండింటి మధ్య తేడాయే ఆ కంచం గురించి మీటరు చెప్పే మాట.

నా కంచం నాకు అలాగే అర్థమైంది. చెరకు నేల మీద పుట్టిన మాకు భయమంతా చక్కెర మీదే ఉండేది. చాయ్‌లో చక్కెర మానేశాం, గెలిచామనుకున్నాం. కంచం నిండా సన్నబియ్యం అన్నం, పైన పప్పు చారు, కూర ఒక మూల. 2 గంటల తర్వాతి అంకె 230 దగ్గర నిలబడింది. బాగా పాలిష్ పట్టిన బియ్యం అరిగి రక్తంలో చక్కెరగా మారడానికి ఎంతోసేపు పట్టదు. 2025 ఉగాది నుంచి రాష్ట్రంలో రేషన్ మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తోంది. పేదింట్లో మంచి అన్నం ఉడకడం సంతోషించాల్సిన సంగతి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఆ అన్నాన్ని కొలుచుకొని తినాలి. అన్నం సగం చేసి, ఆ జాగాలో కూర, పప్పు పెంచి, కూరతో మొదలుపెట్టి తిన్న రోజున అదే అంకె నాకు 170ల్లోకి వచ్చింది.

మా దగ్గర ఇంకో నమ్మకం ఉంది, జొన్నరొట్టె ఎన్ని తిన్నా ఏమీ కాదని. జొన్నరొట్టె మంచిదే, తెల్లన్నం కన్నా నెమ్మదిగా అరుగుతుంది. అయినా జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. ఒకటిన్నర రొట్టెకు ఒక లెక్క, నాలుగు రొట్టెలకు ఇంకో లెక్క. బెల్లం మంచిది, చక్కెరే చెడ్డది అనేది మరో నమ్మకం. బెల్లంలోనూ ఉన్నది చాలావరకు అదే చెరకు చక్కెర, మీటరు రెండింటినీ వేరుగా చూడదు. గ్లాసెడు చెరకు రసంలో ఆరేడు చెంచాల చక్కెర ఉంటుంది. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద, పండక్కి భక్షం ఎవరు కాదనగలరు? సగం ముక్క తినండి. ఆ పూట అన్నం తగ్గించండి. 2 గంటలకు చూసుకోండి, ఎంత వచ్చినా రాసుకోండి. పండగను వదులుకోమని ఏ డాక్టరూ చెప్పడు. పండగ ఒంటి మీద ఏం చేసిందో తెలుసుకోవడం మన బాధ్యత.

తిన్నాక 15, 20 నిమిషాల నడకకు ఎంత బలముందో కూడా మీటరే చూపిస్తుంది. కదిలే కండరం ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. ఆ చక్కెర కరిగి పుట్టే శక్తి ఏటీపీ అనే అణువులో నిలవ అవుతుంది. ఆ అణువును 1929లో కనుక్కున్నవాళ్ళలో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసిన, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. నడిచిన ప్రతి అడుగులోనూ పనిచేసేది ఆ ఏటీపీయే. బీడీల చాట ముందు కూర్చునే చెల్లెళ్ళకు, దుకాణం గల్లా ముందు కూర్చునే తమ్ముళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. తిన్న వెంటనే మళ్ళీ కూర్చోకండి, వీధి చివరిదాకా నాలుగుసార్లు పోయి రండి.

అంకె పెరిగితేనే ప్రమాదం అనుకోవడమూ పొరపాటే. బాపు ఒకసారి పొద్దున్నే షుగర్ గోళీ వేసుకొని చెరకు బండితో ఫ్యాక్టరీకి వెళ్ళాడు. కాటా ముందు బండ్ల వరుస కదల్లేదు. మధ్యాహ్నం దాటింది, కడుపులో ఏమీ లేదు. ఒళ్ళంతా చెమట పట్టింది, చేతులు వణికాయి, మాట తడబడింది. పక్క బండి రైతుకు సంగతి తెలుసు. తన బండిలోంచి ఒక గడ లాగి, తొక్క తీసి, ముక్కలు చేసి నములమని ఇచ్చాడు. ఆనక ఎవరో చక్కెర దండిగా వేసిన చాయ్ తెచ్చారు. కాసేపటికి మనిషి తేరుకున్నాడు. ఏ తీపికి దూరంగా ఉండమన్నారో ఆ తీపే ఆ మధ్యాహ్నం ఆయనను నిలబెట్టింది.

70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజో, మూడు చెంచాల చక్కెరో నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. లడ్డూ, చాక్లెట్ లాంటివి అప్పుడు పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే దవాఖానకు తీసుకెళ్ళాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి గోళీలు వాడేవాళ్ళు జేబులో గ్లూకోజ్ లేకుండా పొలానికి గానీ ప్రయాణానికి గానీ వెళ్ళొద్దు. రంజాన్‌లో రోజా ఉండే మా అన్నదమ్ములకు కూడా ఇదే చెబుతాను. నెల మొదలయ్యేముందే డాక్టరును కలిసి మందు వేళలు మార్పించుకోండి. వేలు గుచ్చి చూసుకుంటే రోజా చెడదు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలన్నది అంతర్జాతీయ వైద్య సూచన.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్ళకు జవాబు ఉంది. బ్రిటన్‌లో 5 వేల మందికి పైగా కొత్త షుగర్ రోగులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 1998లో వెలువడింది. ఒక జట్టు ఏ1సీ 7 దగ్గర, ఇంకో జట్టుది 7.9 దగ్గర నిలిచింది. 0.9 తేడా. ఆ కాస్త తేడాకే కళ్ళు, మూత్రపిండాల వంటి చిన్న రక్తనాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. మామూలుగా పరగడుపున 80 నుంచి 130, తిన్న 2 గంటలకు 180 లోపు, ఏ1సీ 7 లోపు ఉండాలంటారు. ముసలివాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు డాక్టరు దీన్ని సడలిస్తారు.

ఇన్సులిన్ రాశారంటే పని అయిపోయిందని ఏడ్చేవాళ్ళను చూశాను. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు అలాంటి పిల్లలకు ఆకలితో మాడ్చి కొన్నాళ్ళు నిలబెట్టడం తప్ప వైద్యం లేదు. అతను ఆ తర్వాత పదమూడేళ్ళు బతికాడు. ఇన్సులిన్ శిక్ష అనుకోకండి. ఒంట్లో తగ్గిన దాన్ని బయటి నుంచి భర్తీ చేస్తున్నారంతే.

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో 30 ఏళ్ళు దాటి, ఇంతవరకు ఒక్కసారి కూడా షుగర్ చూపించుకోనివాళ్ళుంటే ఈ వారమే దగ్గరలోని సబ్‌సెంటర్‌కో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్ళండి. అక్కడ పైసా తీసుకోరు. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళుంటే వాళ్ళ పక్కన కూర్చొని అంకె చూడండి. ఆ రోజు ఏమైందో నెమ్మదిగా అడగండి. జ్వరమా, నిద్ర పట్టలేదా, మందు మరిచారా, పెళ్ళి భోజనమా, ఏదైనా సరే అంకె పక్కన ఒక్క ముక్క రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్ళండి. మంచి అంకెలున్న పేజీలు మాత్రమే తిప్పి చూపించకుండా, పుస్తకమంతా ఆయన చేతిలో పెట్టండి.